ట్యూబ్‌తో ఆహారం ఇస్తుంటే షుగర్ 300 దాటుతోంది.. ఎందుకు?

ప్రశ్న: మా నాయనకు 64 ఏళ్లు. పక్షవాతం వచ్చాక మింగలేకపోతున్నారు. ముక్కు నుంచి ట్యూబ్ వేశారు. మామూలు ఫార్ములా పౌడర్, మధ్యలో రాగి జావ, బత్తాయి రసం ఇస్తున్నాం. ఇన్సులిన్ ఇస్తున్నా షుగర్ 300 దాటుతోంది. డోసు పెంచాలా?
- ఒక పాఠకుడు, దేవరకొండ

జవాబు: ముందు ట్యూబ్‌లోకి ఏం పోతోందో చూడండి. మామూలు ఫార్ములాల్లో దాదాపు సగం కేలరీలు పిండిపదార్థాలవే, అందులోనూ ఎక్కువగా పిండి నుంచి తయారుచేసే మాల్టోడెక్స్‌ట్రిన్. డబ్బా మీద ‘చక్కెర కలపలేదు’ అని రాసినా ఇది ఉండొచ్చు. చక్కెర కన్నా వేగంగా గ్లూకోజ్‌ను పెంచుతుంది. 200 కేలరీల ఫీడ్‌లో మామూలు పౌడరైతే పిండిపదార్థం సుమారు 27 గ్రాములు, షుగర్ రోగుల పౌడరైతే 18-20 గ్రాములు. ఆ తేడాను మంచి కొవ్వుతో భర్తీ చేసి, పీచు కలుపుతారు. కొవ్వు వల్ల కడుపు నెమ్మదిగా ఖాళీ అవుతుంది కాబట్టి ఉబ్బరం, వాంతులు గమనించాలి. కిడ్నీ సమస్య ఉంటే పౌడర్ ఎంపిక మారుతుంది.

బత్తాయి రసం ఆపేయండి. మన తోటల పండు మంచిదే, వడకట్టాక మిగిలేది చక్కెర నీళ్లే. మెత్తగా ఉడికించి వడకట్టిన రాగి జావ కూడా షుగర్‌ను త్వరగా పెంచుతుంది.

ఇచ్చే వేగమూ ముఖ్యమే. 200 మి.లీ.ను సిరంజితో నెట్టకండి. పిస్టన్ తీసి పోస్తే 20-30 నిమిషాల్లో దానంతటదే దిగాలి. తల వైపు 30-45 డిగ్రీలు ఎత్తి, తర్వాత గంటసేపు అలాగే ఉంచండి. ముందూ వెనకా 30 మి.లీ. నీళ్లు పోయండి.

అసలు భయం ఇక్కడుంది: పాత ఇన్సులిన్ డోసు మీదే షుగర్ రోగుల పౌడర్ మొదలుపెడితే షుగర్ మరీ పడిపోవచ్చు. అందుకే పౌడర్ మార్చే ముందే డాక్టర్‌తో డోసు సరిచేయించుకోండి. ఇన్సులిన్ ఇచ్చాక ట్యూబ్ ఊడినా, ఫీడ్ ఆగినా ఇదే ప్రమాదం. ఆయన నోటితో చెప్పలేకపోవచ్చు కాబట్టి చెమటలు, మత్తు కనిపిస్తే వెంటనే గ్లూకోమీటర్‌తో చూడండి. 70 కన్నా తక్కువుంటే 15 గ్రాముల గ్లూకోజ్ పొడి నీళ్లలో కలిపి ట్యూబ్‌లో ఇచ్చి, 15 నిమిషాలకు మళ్లీ చూడండి. ట్యూబ్ ఊడిపోతే నోట్లో ఏమీ పోయొద్దు, 108కి ఫోన్ చేయండి.

ఎస్‌ఆర్, ఎక్స్‌ఆర్ అని రాసున్న (మందును నెమ్మదిగా విడుదల చేసే) మాత్రలను పొడి చేసి ట్యూబ్‌లో వేయకూడదు. మూడు రోజులపాటు ప్రతి ఫీడ్‌కు ముందు, రెండు గంటల తర్వాత షుగర్ రాసి, డబ్బా లేబుల్ ఫొటోతో డాక్టర్‌కు చూపించండి.