ఆ మొద్దు దగ్గర ఆగమ్మా

అమ్మాయీ, ఆశీస్సులు.

ఆలివ్ చెట్టు మీద నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. చాలా కష్టపడ్డావు. నోవహు పావురం, ఐక్యరాజ్యసమితి జెండా, ఒలింపిక్ కిరీటం, అన్నీ ఉన్నాయి. చెట్టు మాత్రం కనబడలేదు. "శాంతికి చిహ్నం" అని నాలుగు చోట్ల రాశావు, నాలుగూ కొట్టెయ్. ఒలీవ ఆకు తెచ్చిన పావురం కథ చర్చికి వెళ్లే మనవాళ్లు చిన్నప్పటి నుంచీ వింటున్నదే. యేసు పట్టుబడిన రాత్రి ప్రార్థన చేసిన గెత్సేమనే తోట పేరుకు నూనె గానుగ అని అర్థమని చెప్పు, ఆ తోట వాళ్లకు కొత్తగా కనిపిస్తుంది. అక్కడి చెట్లు యేసు కాలం నాటివని మాత్రం రాయకు. పరీక్షకు వీలైన కాండాలు ఎనిమిది వందల నుంచి తొమ్మిది వందల ఏళ్ల నాటివని 2012లో తేలింది. అదేం తక్కువ వయసు కాదు కదా!

కాయ రుచి కూడా నీ వ్యాసంలో లేదు. చెట్టు నుంచి కోసి కొరికితే నోట్లో పెట్టుకోలేనంత చేదు. కాయలకు గాట్లు పెట్టి, రోజూ నీళ్లు మార్చి, ఉప్పునీళ్లలో వారాల తరబడి ఊరబెడితేగానీ తినడానికి రాదు. ఆవకాయ పెట్టే ఇంట్లో పుట్టినదానివి, ఊరడం గురించి నీకు నేను చెప్పాలా?

ఇక ఏథెన్స్. నువ్వు ఒక్క వాక్యంలో దాటేసిన చోటే నాకు ప్రాణం లేచొచ్చింది. క్రీ.పూ. 480లో పర్షియన్లు అక్రోపొలిస్ కొండ మీది గుడిని తగలబెట్టారు. అథీనా దేవత ఇచ్చిందని జనం నమ్మిన ఆలివ్ చెట్టూ కాలిపోయింది. మర్నాడు బలి ఇవ్వడానికి కొండెక్కినవాళ్లకు ఆ మోడు నుంచి మూరెడు చిగురు కనిపించిందని గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ రాశాడు. ఒక్కరోజులో మూరెడా అంటావేమో. కొట్టినా కాల్చినా ఆలివ్ మొదట్లోంచి మళ్లీ పిలకలేస్తుంది, ఆ నమ్మకం అక్కడ పుట్టిందే.

పొలాల్లోనూ ఇలాంటి పవిత్రమైన చెట్లుండేవి. పొలం ఒకరిది, చెట్టు నగరానిది. అథీనా ఉత్సవాల్లో పందెం గెలిచినవాళ్లకు ఈ చెట్ల కాయల నూనే జాడీలతో ఇచ్చేవారు. చెట్టు కొడితే ఒకప్పుడు మరణశిక్ష.

క్రీ.పూ. 4వ శతాబ్దం మొదట్లో ఒక రైతు మీద కేసు పడింది. చెట్టు కూడా కాదు, కంచె వేసి కాపాడే ఒక మొద్దును పీకించాడని. అతను పక్కన నిలబడి చూస్తుంటే బానిసలు వేళ్లు నరికారని, బండివాడు కట్టె ఎక్కించుకుని తోలుకుపోయాడని ఫిర్యాదు. నేరం రుజువైతే దేశం విడిచిపోవాలి, ఆస్తి పోతుంది. అతని తరఫు వాదన లిసియాస్ రాశాడు, కోర్టులో చదవడానికి ఇతరులకు ప్రసంగాలు రాసిపెట్టేవాడు. పక్కనే దారి, చుట్టూ ఇరుగుపొరుగు, అందరి కళ్లెదుట ఆ పని చేస్తానా? నా గుట్టు బానిసల చేతికిచ్చి జీవితాంతం వాళ్లకు భయపడుతూ బతకాలనుకుంటానా? ఇదీ అతని మొర. అతని గొంతులో టెన్షన్ ఇప్పటికీ వినిపిస్తుంది. ఒక మొద్దు కోసం ఒక మనిషి బతుకు ప్రమాదంలో పడిందంటే, ఆ ఊరికి ఆలివ్ ఏమిటో ఇంకెవరూ విడమరిచి చెప్పక్కర్లేదు.

నీ మొదటి రెండు పేజీలూ తీసెయ్. బండివాడు ఎద్దుల్ని అదిలించిన చోటు నుంచి మళ్లీ రాసి పంపు. సంక్రాంతికి ముందే పంపితే తీరిగ్గా చదువుతాను.