పగడపు దిబ్బకు వెళ్తున్న మేనకోడలికి

అమ్మలూ,

ఆస్ట్రేలియా టౌన్స్‌విల్‌లో సీటు వచ్చిందని, గ్రేట్ బారియర్ రీఫ్ మీద డిడెమ్నమ్ మొల్లె అనే ఎసిడియన్ (రాళ్లకు అతుక్కుని, నీటిని వడగట్టి బతికే సముద్ర జీవి) సర్వేతో నీ పని మొదలవుతుందని మీ నాన్న చెప్పాడు. ఎంత సంతోషమైందో! మన విశాఖ తీరంలో అలాంటి పగడపు దిబ్బలు లేవు. బీఎస్సీలో నువ్వు కోసి చూసిన ఎసిడియన్ హెర్డ్‌మానియా. అది ఒంటరి జీవి. డిడెమ్నమ్ కాలనీ, అంటే జూయిడ్‌లనే చిన్న జీవులు చాలా కలిసి ఒకే ఒంటిగా బతికేది. అయితే హెర్డ్‌మానియాకు ఎవరి పేరు పెట్టారో ఆ హెర్డ్‌మనే 1886లో దీన్నీ వర్ణించాడు, కాబట్టి నువ్వు పూర్తిగా కొత్త ఇంటికేమీ వెళ్లడం లేదు.

నీళ్లలో రాసుకునే పలక మీద రంగు రాసే ముందు లోతు రాయి. ఎందుకో చెప్తాను. ముంతలా ఉండే ఆ కాలనీ చర్మంలో సున్నపు ముళ్లుంటాయి, బయటి తెలుపు వాటిది. లోపలి ఆకుపచ్చ మాత్రం దాని సొంతం కాదు. ప్రోక్లోరాన్ అనే సయానోబాక్టీరియా అక్కడ కాపురముండి, ఎండతో తయారుచేసుకున్న ఆహారంలో కొంత ఇంటివాళ్లకు ఇస్తుంది. ఎండ తీవ్రంగా తగిలే తక్కువ లోతులో ముళ్లు దట్టం, కాలనీలు చిన్నవి, తెల్లవి. లోతుకు పోయేకొద్దీ ముళ్లు పలచబడి కాలనీలు పెద్దవవుతాయి, గోధుమ, బూడిద ఛాయలు వస్తాయి. లోతు రాయకపోతే రంగు దేనివల్ల వచ్చిందో తర్వాత ఎవరూ చెప్పలేరు.

అలాగని తేడాలన్నీ వెలుతురు వల్లేనని తేల్చేయకు. జపాన్ ర్యూక్యూ దీవుల్లో రంగు, పరిమాణం వేరుగా ఉన్న రకాల డీఎన్ఏ చూస్తే అవి వేర్వేరు జాతులుగా విడిపోతుండవచ్చని తేలింది. అందుకే ప్రతి కాలనీకి ఫోటో, లోతు, నీడా ఎండా, చిన్న ముక్క, నాలుగూ ఉండాలి.

దగ్గరికి వెళ్లగానే ముట్టుకోవద్దు. పక్కల కనిపించే సన్నటి రంధ్రాల్లో ఒక్కోటి ఒక్కో జూయిడ్ నోరు, అక్కడ నీళ్లు లోపలికి పోతాయి. అందరూ వాడిన నీళ్లు పైనున్న పెద్ద రంధ్రం నుంచి బయటికొస్తాయి. నీ ఫిన్ ఇసుక లేపినా చాలు, అవి ముడుచుకుంటాయి. కాసేపు కదలకుండా ఆగు, మళ్లీ తెరుచుకుంటాయి. కొలత అప్పుడు తీసుకో.

లెక్కలో జాగ్రత్త. ఇవి చీలి రెండవుతాయి, నెమ్మదిగా జరుగుతాయి కూడా. పక్కపక్కనున్న నాలుగు కాలనీలు ఒక్క తల్లివే కావచ్చు. మొన్న ఉన్నచోట ఇవాళ లేకపోతే చచ్చిపోయిందని రాసేయకు, చుట్టూ వెతుకు. గుర్తు జంతువుకు కాదు, రాతికి పెట్టు. అదే చట్రాన్ని మళ్లీ మళ్లీ ఫోటో తీయి.

నాకు ఇన్నేళ్లయినా ఆశ్చర్యం తీరనిది దీని పిల్ల. తోకకప్పలా, తోకలో నోటోకార్డు అనే వెన్నుకడ్డీతో, తల్లి ఇచ్చిన ప్రోక్లోరాన్‌ను ఒంటికి అంటించుకుని బయటికొస్తుంది. ఈదేది కొన్ని నిమిషాలే. నీడ చోటు చూసుకుని అతుక్కుంటే తోకా పోతుంది, నోటోకార్డూ పోతుంది. ఇంత తక్కువ ప్రయాణం చేసేది ఎర్ర సముద్రం నుంచి పశ్చిమ పసిఫిక్ దాకా ఎలా పరుచుకుంది? ఒకే జాతి అనుకుంటున్నది నిజంగా ఒకటేనా? నువ్వు తీసే ముక్కలు ఆ ప్రశ్నకు పనికొస్తాయి, అందుకే వాటిని పాడుచేయకు.

ముక్కను రెండు చేయి. డీఎన్ఏకి ఒకటి ఆల్కహాల్‌లో వేయి. రెండోది ఫార్మలిన్‌లో, అయితే అందులో బోరాక్స్ కలపడం తప్పనిసరి. ఉత్త ఫార్మలిన్ నిలవ ఉంటే ఆమ్లమవుతుంది, సున్నపు ముళ్లు కరిగిపోతాయి. ఆ ముళ్ల ఆకారమే లేకపోతే ఈ కుటుంబంలో జాతిని గుర్తించడం చాలా కష్టం. సీసాలో పెన్సిల్‌తో రాసిన చీటీ కూడా వేయి, పెన్ను సిరా ఆల్కహాల్‌లో నిలవదు.

మెరైన్ పార్క్ అనుమతి కాగితం చేతికి రానిదే ఒక్క ముక్కా కోయొద్దు. కోసినప్పుడు అంచు నుంచి తీసుకో, కాలనీని రాతి మీద ఉండనీ.

మీ అత్తయ్య