శరణార్థి పిల్లల చేతికి కెమెరా ఇస్తే తమ జీవితాన్ని చెప్పుకోగలరా?

శరణార్థి పిల్లలు తమ జీవితాన్ని తామే చెప్పుకోవడానికి ఫోటోగ్రఫీ నిజంగా పనికొస్తుందా, పనికొస్తే ఎక్కడ మొదలుపెట్టాలి అని మీరు అడిగారు. తప్పకుండా పనికొస్తుంది. అయితే కెమెరా చేతికిచ్చినంత మాత్రాన కాదు. తీసిన ఫోటోను ప్రింట్ వేసి ఇచ్చి, దాన్ని పట్టుకొని పిల్లలు మాట్లాడుతుంటే ఓపికగా వినేవాళ్ళు ఉన్నప్పుడే.

నేను శరణార్థి శిబిరంలో పనిచేసినవాణ్ణి కాను. గుంటూరు అరండల్‌పేటలో ఫోటో స్టూడియో నడుపుతాను. మిర్చి కోతల కాలంలో ఆదోని, కోసిగి ప్రాంతాల నుంచి మా వైపు 'సుగ్గి'కి, అంటే కోత పనుల వలసకు, వచ్చే కూలీల పిల్లలతో, ప్రత్తిపాడు దగ్గరి ఒక ఊళ్ళో పనిచేసే ఉపాధ్యాయురాలు అడగడం వల్ల, రెండు సీజన్ల పాటు ఆదివారాలు ఈ పని చేశాను. వీళ్ళు శరణార్థులు కారు. కోతలు అయిపోయాక తిరిగి తమ ఊరికి వెళ్ళగలరు, శరణార్థికి ఆ దారి మూసుకుపోయి ఉంటుంది. ఈ తేడాను నేను తక్కువ చేసి చెప్పదలచుకోలేదు. అయినా బడి, వీధి, పెంచిన అవ్వ అన్నీ ఒక్కసారిగా వెనక ఉండిపోయి, పొలం పక్కన పట్టా కప్పిన గుడిసెలో పడుకోవలసి వచ్చిన పిల్లలను 'ఎలా ఉన్నావు' అని అడిగితే 'బాగుండా' అని తల వంచుకోవడం తప్ప ఇంకేమీ చెప్పరు. ఆ మౌనం దగ్గరే నాకు ఫోటో ఉపయోగపడింది.

మొదటి ఆదివారం నాలుగు పాత డిజిటల్ కెమెరాలు ఇచ్చి, ఊళ్ళో ఉండిపోయినవాళ్ళకు ఇక్కడివి ఏవి చూపించాలనుకుంటారో అవి తీయమన్నాను. పదేళ్ళ పిల్ల ఒకతె తీసిన వాటిలో ఒకటి పూర్తిగా మసకగా వచ్చింది. ఫ్రేము నిండా ఎర్రచీర, ఒక మూల కొంగు ముడి, ఆ ముడిలోంచి కొద్దిగా బయటికి కనిపిస్తున్న ఇత్తడి ముక్క. ఫోకస్ కుదరలేదనుకొని ప్రింట్లు ఏరేటప్పుడు దాన్ని పక్కన పెట్టేశాను. ఆ పిల్ల మిగిలినవన్నీ వదిలి అదే కావాలని అడిగింది. ఎందుకని అడిగితే, అది తమ ఇంటి తాళంచెవి అని, ఊరి నుంచి వచ్చిన రోజు నుంచీ అమ్మ దాన్ని కొంగు నుంచి విప్పలేదని చెప్పింది. కాసేపు ఆగి, "ఆడ ఇంటికి తాళం ఏసినాం సార్, ఈడ మాకు తలుపే లేదు" అంది. ఆ తరువాత రాత్రుళ్ళు కుక్కల భయం గురించి, అమ్మానాన్నలు కోతకు వెళ్ళాక చంటి తమ్ముణ్ణి తానొక్కతే చూసుకోవడం గురించి ఆ పూటంతా చెబుతూనే ఉంది. ముప్పై ఏళ్ళుగా ఫోటోలు తీస్తున్న నా కంటికి అది చెడిపోయిన ఫోటో. ఆ రోజు నుంచి ప్రింట్లు ఏరే పని పూర్తిగా పిల్లలకే వదిలేశాను.

ఇది నేను కనిపెట్టిన సంగతేమీ కాదు. 1990లలో చైనాలోని యునాన్‌లో పల్లెటూరి స్త్రీలతో పనిచేసిన కారొలైన్ వాంగ్, మేరీ ఆన్ బరిస్ 'ఫోటోవాయిస్' పేరుతో రూపొందించిన పద్ధతిలో, తీసినవాళ్ళే ఫోటోలను ఎంచుకోవడం, వాటి వెనకున్న కథను గుంపులో చెప్పుకోవడం ముఖ్యమైన మెట్లు. సిరియా సరిహద్దుకు దగ్గరలో, తుర్కియేలోని మార్దిన్‌లో, తానూ సిరియా నుంచి వచ్చినవాడే అయిన సెర్బెస్ట్ సాలిహ్ పిల్లలకు ఫిల్ము కెమెరాలతో నేర్పించి, డార్క్‌రూములో వాళ్ళ ఫోటోలను వాళ్ళచేతే కడిగిస్తున్నారు. తెల్లకాగితం మీద తాను తీసిన బొమ్మ మెల్లగా తేలి రావడం చూసిన పిల్లవాడికి ఆ ఫోటో తనదేనన్న నమ్మకం ఎంతగా కలుగుతుందో, ఫిల్ము రోజుల్లో ఈ వృత్తిలోకి వచ్చిన నాకు బాగా తెలుసు. మీకు డార్క్‌రూము వీలుకాకపోతే ప్రింటైనా తప్పకుండా వేయించండి. ఉన్న డబ్బులో కెమెరాల ఖర్చు తగ్గించి ప్రింట్లకు పెట్టండి. ఫోను తెరమీద వేలితో జరిపేసే ఫోటో దగ్గర పిల్లలు ఆగరు.

నేను చేసిన తప్పు ఒకటి చెప్పాలి. మొదటి సీజన్ చివర బడిలో ప్రదర్శన పెట్టినప్పుడు, మిర్చి రాశి పక్కన ఏడుస్తున్న చెల్లెల్ని ఒక అబ్బాయి తీసిన ఫోటోను పెద్ద సైజు చేయించి గుమ్మానికి ఎదురుగా తగిలించాను. వెలుతురు, రంగులు అంత అందంగా కుదిరాయి. వాళ్ళ అమ్మ వచ్చి చూసి, "మా పాప ఏడ్చేది ఊరంతా చూడల్లనా సార్?" అని అడిగింది. వెంటనే తీసేశాను, ఆ అబ్బాయికీ ఆమెకూ క్షమాపణ చెప్పాను. కెమెరా ఇచ్చేటప్పుడు ఆమె ఒప్పుకున్నది పిల్లవాడు ఫోటోలు నేర్చుకోవడానికి మాత్రమే, గోడమీద పెట్టడానికి కాదు. అందుకే అనుమతి రెండుసార్లు అడగాలి: తీయడానికి ముందు ఒకసారి, నలుగురికీ చూపించే ముందు ఆ ఫోటోనే చేతిలో పెట్టి మరొకసారి. పెద్దలు సరేనన్నా పిల్లవాడు వద్దంటే చూపించకూడదు.

శరణార్థుల విషయంలో ఇది ఇంకా బరువైన సంగతి, ఎందుకంటే ఒక ముఖమో, ఒక వీధి బోర్డో బయటపడితే స్వదేశంలో ఉండిపోయిన బంధువులకు ప్రమాదం రావచ్చు. శరణార్థుల హక్కులను గుర్తించే 1951 నాటి అంతర్జాతీయ ఒప్పందంలో మన దేశం చేరలేదు కాబట్టి ఇక్కడున్న కుటుంబాలకు తమ కాగితాల గురించిన భయం ఎప్పుడూ ఉంటుంది. ఫోన్లతో తీయిస్తే లొకేషన్ నమోదును ముందే ఆపేయండి. ఆన్‌లైన్‌లో పెట్టే ఆలోచన ఉంటే, నా అభిప్రాయంలో, మానుకోవడమే మంచిది.

'మీ కష్టాలు తీయండి' అని మాత్రం ఎప్పుడూ చెప్పకండి. అలా అడిగితే పిల్లలు మనకు ఏం కావాలో కనిపెట్టి అదే తెచ్చిపెడతారు. పొద్దున లేవగానే కనిపించేది, చేత్తో తాకడానికి ఇష్టమైనది, ఇలాంటివి అడగండి. ఒక అబ్బాయి వరసగా మూడు వారాలు తాను చేసిన బొంగరాన్నే తీశాడు, తీయనిచ్చాను. ఎవరైనా మాట్లాడుతూ ఏడిస్తే కెమెరాలన్నీ కింద పెట్టించి పక్కన కూర్చోండి, తరువాత ఏం చేయాలో తెలిసిన కౌన్సెలర్‌తో ముందుగానే మాట్లాడి ఉంచుకోండి.

ప్రింట్లకు లామినేషన్ చేయించండి. గుడిసెల్లో మంచుకు తడిసి రెండు వారాల్లోనే అంటుకుపోతాయి. ఒక సెట్టు మీ దగ్గర ఉంచుకున్నా, ఎక్కువ కాపీలు పిల్లలకే ఇచ్చి పంపండి. తాళంచెవి ఫోటోకు ఆ పిల్ల రెండు కాపీలు అడిగింది, ఒకటి తనకు, ఒకటి ఊళ్ళో పక్కింట్లో ఉంటున్న అవ్వకు.