ట్రాలీ లైట్లు పిచ్చిపట్టినట్టు వెలుగుతున్నాయా? ముందు బల్బు జోలికి పోవద్దు

ప్రశ్న: అన్నా, మాది గార్లదిన్నె దగ్గర పల్లె. చీనీకాయలు ట్రాలీకెత్తుకుని తెల్లవారుజామున అనంతపురం మార్కెట్ యార్డుకు పోతుంటాం, పోయేది హైవే మీదే. దసరాకు ట్రాలీకి రంగు వేయించినాం, అప్పట్నుంచీ వెనక లైట్లకు దయ్యం పట్టినట్టుంది. ఎడమ ఇండికేటర్ వేస్తే కుడిది కూడా మసకమసగ్గా కొట్టుకుంటుంది. హెడ్‌లైట్లు వేసుకుని బ్రేకు తొక్కితే వెనక ఎర్ర లైట్ల వెలుగు పెరగాల్సింది పోయి తగ్గుతుంది. ట్రాక్టర్‌వి మాత్రం బాగున్నాయి. బల్బులు రెండుసార్లు మార్చినాం, ఇండికేటర్‌ను కొట్టించే ఫ్లాషర్ మార్చినాం, ఇప్పుడు మొత్తం వైరింగ్ పీకేయాలంటున్నారు. పీకేయమంటారా?

జవాబు: వద్దు. జవాబు మీ ఉత్తరంలోనే ఉంది, "రంగు వేయించినాం" అన్నచోట. ఎర్తు వైరు, అంటే కరెంటు తిరిగి బ్యాటరీకి పోయే వైరు, బిగించే బోల్టును విప్పి, రంగు కొట్టి, ఆ రంగు మీదే మళ్లీ బిగించి ఉంటారు. రంగు పొరలోంచి కరెంటు పోదు. ఇన్నాళ్లూ ట్రాలీ తగిలించే పిన్ను గుండా ఇనుముకు ఇనుము తగిలి కొంత నడిచి ఉంటుంది గానీ అక్కడ గ్రీజు, తుప్పు, ఇప్పుడు రంగు కూడా తోడైంది.

బ్యాటరీ నుంచి బల్బుకు వచ్చిన కరెంటు తిరిగి బ్యాటరీకి చేరాలి. దారి మూసుకుపోతే ఏం చేస్తుంది? మడవ పూడిపోయిన నీళ్లలాగే గట్టు తెంచుకుని పక్క మడిలోకి పోతుంది. ఎడమ ఇండికేటర్‌కు వచ్చిన కరెంటు కుడి బల్బు తీగలోంచి వెనక్కి పారి, ట్రాక్టర్ కుడి బల్బు గుండా ఎర్తు వెతుక్కుంటుంది, అందుకే రెండూ కొట్టుకుంటున్నాయి. ఒక లైటు వేస్తే ఇంకోటి కదిలిందంటే ముందు ఎర్తునే అనుమానించండి, నేనైతే మీటరు కూడా బయటికి తీయను.

రూపాయి ఖర్చు లేని పరీక్ష ఉంది. ట్రాక్టర్ నుంచి ట్రాలీ దాకా అందేంత వైరు ముక్క తీసుకోండి. ఒక కొన ట్రాక్టర్ బ్యాటరీ మైనస్‌కు, ఇంకో కొన ట్రాలీ చాసిస్ మీద రంగు గీకి ఇనుము తెల్లగా మెరిసేచోట అదిమిపట్టండి. ఈలోపు ఎవరినైనా బ్రేకు తొక్కమనండి, ఇండికేటర్ వేయమనండి. లైట్లన్నీ ఒక్కసారిగా బుద్ధిగా వెలిగాయంటే పని అయిపోయినట్టే. మార్పేమీ లేకపోతే బల్బు హోల్డర్‌కూ ట్రాలీ ఇనుముకూ మధ్య ఉన్న స్క్రూలను చూడండి, వాటి మీదా రంగు పడి ఉంటుంది.

ఇక శాశ్వతంగా చేయాలంటే ట్రాలీ తగిలించే పిన్నును నమ్ముకోకుండా, ట్రాక్టర్ నుంచి ట్రాలీ లైట్లకు కరెంటు అందించే ప్లగ్ నుంచి ట్రాలీ చాసిస్‌కు వేరే ఎర్తు వైరు లాగండి. మామూలు ఏడు పిన్నుల ప్లగ్‌లో 3వ నంబరు ఎర్తు, 1 ఎడమ ఇండికేటర్, 4 కుడి, 6 బ్రేకు, 5, 7 వెనక ఎర్ర లైట్లు. నంబర్లు ప్లగ్ లోపల చిన్నగా పోసి ఉంటాయి. వైరు రంగుల్ని నమ్మొద్దు, మన దగ్గర ట్రాలీ కట్టేవాళ్లు చేతికి ఏ వైరు దొరికితే అది వేస్తారు. బ్రేకు బల్బులు రెండు ఒక్కోటి 21 వాట్లు, ఇండికేటర్ 21, ఎర్ర లైట్లు 5 చొప్పున రెండు, మొత్తం 70 పైమాటే, 12 వోల్టుల మీద దాదాపు 6 ఆంపియర్లు. వాటన్నిటి కరెంటూ ఆ ఒక్క ఎర్తు వైరులోంచే తిరిగి పోవాలి కాబట్టి అది మిగతావాటికన్నా లావుగా ఉండాలి, 2.5 చదరపు ఎంఎం వైరు సరిపోతుంది. ఒంటి తీగ వైరు వద్దు, అదురుకు తెగుతుంది. సన్నతీగల వైరు కొనకు లగ్గు (బోల్టుకు తగిలించే రింగు) కొట్టించి, ఉప్పుకాగితంతో ఇనుము రుద్ది, బోల్టు బిగించాక పైన కాస్త వ్యాజలీన్ పూయండి. రంగు మాత్రం ఆ తర్వాతే!

ఇది చేసేదాకా వెనక ఎర్ర రేడియం స్టిక్కర్లు అంటించుకుని పోండి, లేకుంటే చీకట్లో లారీవాడికి మీ ట్రాలీ కనపడదు.

ప్రశ్న: ఆదోనికి పత్తి తోలుతాం. ట్రాలీకి ఎల్ఈడీ లైట్లు వేయించినప్పట్నుంచీ ఇండికేటర్ టకటకమని గబగబా కొట్టుకుంటోంది. ఎర్తు చూసినాం, బాగుంది.

జవాబు: ఎర్తు బాగుంటే ఇది రోగమే కాదు. 21 వాట్ల బల్బు తీసి రెండుమూడు వాట్లది పెట్టారు, లోడు తగ్గేసరికి బల్బు మాడిపోయిందనుకుని ఫ్లాషర్ అలా పరిగెడుతోంది. ఎల్ఈడీకి పనికొచ్చే ఫ్లాషర్ అడిగి తెచ్చుకోండి. కొందరు లోడు పెంచడానికి రెసిస్టర్ కడతారు గానీ అది బాగా కాలుతుంది, పత్తి తోలే బండికి నేనైతే కట్టను.

ప్రశ్న: ఎర్రగుంట్ల వైపు బండల తుక్కు తోలుతాం. ట్రాలీ ఎత్తి తుక్కు పోసినప్పుడల్లా వెనక లైట్ల ఫ్యూజు కొట్టేస్తోంది. డ్రైవర్ సిగరెట్ పెట్టెలోని వెండికాగితం చుట్టి నడిపిస్తున్నాడు.

జవాబు: ఆ కాగితం ఇప్పుడే తీసేయండి. ఫ్యూజు కాలకపోతే వైరు కాలుతుంది. ఎత్తినప్పుడే కొడుతోందంటే కీలు దగ్గర వైరు నలిగి, పై తొడుగు పోయి, రాగి ఇనుముకు తగులుతోంది. ఫ్యూజు తీసి, అది కూర్చునే రెండు కొనల మధ్య 21 వాట్ల బల్బు కట్టి, లైట్లు వేసి ట్రాలీ ఎత్తండి. షార్టు ఉంటే ఆ బల్బు నిండుగా వెలుగుతుంది. వైరును కొంచెం కొంచెంగా కదుపుతూ పోతే ఎక్కడ కదిపినప్పుడు బల్బు మసకబారుతుందో అక్కడే దెబ్బ. ఒక్క మాట, హైడ్రాలిక్‌ను నమ్ముకుని ఎత్తిన ట్రాలీ కిందికి తల పెట్టొద్దు, గట్టి దుంగ పోటు పెట్టాకే వంగండి. దెబ్బతిన్న ముక్క కోసేసి కొత్తది అతికి, పైన రబ్బరు గొట్టం తొడిగి, ట్రాలీ ఎత్తినా లాగకుండా కీలు దగ్గర కాస్త సడలు వదలండి.