ఊళ్ళో అందరికీ ప్యాకేజీ చెప్పేముందు ఇది చదువు

అమ్మలూ,

నీకు ఆఫర్ వచ్చిందని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పినప్పటి నుంచి ఇంట్లో అదే మాట. మన పర్లాకిమిడిలో ప్లస్ టూ, బరంపురంలో ఇంజనీరింగ్, ఇప్పుడు బెంగుళూరులో ఏడాదికి 18 లక్షల ఉద్యోగం. చాలా గర్వంగా ఉంది. అయితే ఆ ఫోన్‌లోనే మీ అమ్మ "అన్నయ్యా, నెలకి లక్షన్నరట" అంది. 18ని 12తో భాగించేసింది పాపం. ఈపాటికి మన వీధిలోనూ అదే లెక్క తిరుగుతూ ఉంటుంది.

ముంబైలో నా ఉద్యోగమంతా జీతాల లెక్కలు చూసే పనిలోనే గడిచింది కాబట్టి ఇది నేనే చెప్పాలి. 18 లక్షలు అన్నది కంపెనీకి నీ మీద అయ్యే ఖర్చు, నీ చేతికొచ్చే డబ్బు కాదు. బేసిక్, అంటే మూల జీతం, అందులో సగం, అంటే 9 లక్షలు అనుకో. దాని మీద కంపెనీ వేసే పీఎఫ్ 12 శాతం, అంటే లక్షా 8 వేలు, ఉద్యోగం వదిలేటప్పుడు ఇచ్చే గ్రాట్యుటీ కింద చూపించే 4.81 శాతం, అంటే ఇంకో 43 వేలు, ఇవన్నీ ఆ 18 లోపలివే. పనితీరును బట్టి ఇచ్చే వేరియబుల్ పే అని ఆ 18లో పదో వంతు పెట్టారనుకో, అది ఏడాది చివర వస్తే వచ్చినట్టు. మిగిలినదాన్ని పన్నెండు నెలలకి పంచి, నీ వాటా పీఎఫ్ నెలకి 9 వేలు, కొత్త పద్ధతిలో ఇన్‌కమ్ ట్యాక్స్, కర్ణాటక ప్రొఫెషనల్ ట్యాక్స్ 200 తీసేస్తే చేతికొచ్చేది లక్షా 3 వేల చిల్లర. మీ అమ్మ అనుకున్నదానికీ దీనికీ నెలకి 47 వేలు తేడా.

ఆ 47 వేలు లేవన్న సంగతి ఇంట్లో ఎవరికీ తెలియకపోతే ఏమవుతుందో నేను చాలా ఇళ్ళలో చూశాను. తమ్ముడి ఫీజు, మేడ మీద గది, పెళ్ళిళ్ళలో చదివింపులు, అన్నీ లక్షన్నర లెక్కన మొదలవుతాయి. నువ్వు మొహమాటపడి కాదనలేవు, నెలాఖరుకి క్రెడిట్ కార్డు గీకుతావు, దాని వడ్డీ నెలకి మూడు, మూడున్నర శాతం, అంటే ఏడాదికి నలభై దాటిపోతుంది. అందుకని మొదటి జీతం స్లిప్పు రాగానే మీ అమ్మకీ నాన్నకీ చూపించి, ఇంటికి నెలకి ఇంత పంపుతానని ఒక అంకె చెప్పెయ్. 20 వేలు అయితే 20 వేలు, ప్రతి నెలా అదే. వాళ్ళు అర్థం చేసుకోరని భయపడకు, మన వాళ్ళు చిన్న జీతాలతో పెద్ద సంసారాలు ఈదిన వాళ్ళే. చుట్టాలకి మాత్రం జీతం అంకె చెప్పాల్సిన అవసరమే లేదు.

ఇక బెంగుళూరు. అక్కడ నిన్ను కట్టిపడేసేది అద్దె ఒక్కటే, మిగతా ఖర్చులు నీ చేతిలో ఉంటాయి. కూరగాయలు కొని వండుకున్నా, ఆర్డర్ పెట్టుకున్నా వచ్చే నెల మానేయొచ్చు, కానీ ఆఫీసు పక్కనే అని 35 వేల ఫ్లాట్ తీసుకుంటే పదకొండు నెలలు అందులో ఇరుక్కుంటావు. మొదటి మూడు నెలలు పీజీలో, అంటే పేయింగ్ గెస్ట్ హాస్టల్లో ఉండు. మీ ఆఫీసు వైట్‌ఫీల్డ్ వైపు అన్నావు కదా, 2023 అక్టోబరు నుంచి పర్పుల్ లైన్ మెట్రో అటు పూర్తిగా నడుస్తోంది, ఆ లైన్ మీదే నాలుగు స్టేషన్లు ఇవతల వెతికితే అద్దె తగ్గుతుంది. ఇద్దరు ముగ్గురు కలిసి ఇల్లు తీసుకునేటప్పుడు అడ్వాన్స్ సంగతి జాగ్రత్త. ఐదారు నెలల అద్దె, కొన్నిచోట్ల ఇప్పటికీ పది నెలలది కూడా అడుగుతారు, ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్ అని ఒక నెల అద్దె కోసుకుంటారు. అది ఎంతో అగ్రిమెంట్లో ముందే రాయించు. తాళాలు తీసుకున్న రోజే ప్రతి గది గోడలు, బాత్రూమ్ కుళాయిలు, కరెంటు మీటర్ రీడింగు ఫొటోలు తీసి ఓనర్‌కి వాట్సాప్‌లో పంపెయ్. గోడకి ఆ మచ్చ ముందే ఉందని తర్వాత నోటితో చెప్తే ఎవరూ వినరు. అద్దెకున్న వాళ్ళకి కూడా కర్ణాటక ప్రభుత్వ గృహజ్యోతి పథకం కింద 200 యూనిట్ల వరకు కరెంటు ఉచితం వర్తిస్తుంది, దానికి దరఖాస్తు పెట్టుకో.

దాచుకోవడం గురించి ఎక్కువ చెప్పను. జీతం పడిన మర్నాడే 30 వేలు వేరే బ్యాంకు ఖాతాలోకి వెళ్ళిపోయేలా పెట్టు, ఆ ఖాతా కార్డు పర్సులో ఉంచకు. ముందు ఆరు నెలల ఖర్చు ఎఫ్‌డీలో చేరాలి, షేర్లూ ఫండ్లూ ఆ తర్వాతే. కంపెనీ హెల్త్ ఇన్సూరెన్స్ ఉద్యోగం మానేసిన రోజే పోతుంది, కాబట్టి చిన్న వయసులోనే నీ పేరు మీద ఒకటి తీసుకో. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత పాలసీల మీద జీఎస్‌టీ కూడా తీసేశారు. ఉద్యోగం మారినప్పుడు పీఎఫ్ విత్‌డ్రా చేసేస్తారు మన పిల్లలు, ఆ పని చెయ్యకు, కొత్త కంపెనీ ఖాతాకి ట్రాన్స్‌ఫర్ పెట్టు.

ఇది మాత్రం గట్టిగా చెప్తున్నా. రెండేళ్ళలో నీ చేతిలో ఆరేడు లక్షలు కనబడగానే ఎవరో ఒకరు మీ నాన్న దగ్గరికి స్థలం బేరం తెస్తారు. గుమ్మ వైపు, రాయగడ బ్లాకు వైపు చవకగా ఉంది అంటారు. మన గజపతి జిల్లాలో అవి ఆదివాసీల రక్షణ కోసం ప్రత్యేకంగా గుర్తించిన షెడ్యూల్డ్ ఏరియాలు, 1956 నాటి ఒడిశా రెగ్యులేషన్ ప్రకారం అక్కడ ఆదివాసీల భూమి మనలాంటి వాళ్ళు కొనడానికి లేదు. ఏ పేరు మీద ఎన్ని కాగితాలు రాయించుకున్నా అది చెల్లదు. అంతకంటే ముఖ్యం, అది వాళ్ళ బతుకుతెరువు. బరంపురం చుట్టుపక్కల అయితే ఒడిశా భూమి రికార్డుల సైటు భూలేఖ్‌లో పట్టా తీసి ‘కిసమ్’, అంటే భూమి రకం అన్నచోట ఏముందో చూడు. పొలమని ఉంటే ఒడిశా భూ సంస్కరణల చట్టం సెక్షన్ ఎయిట్-ఏ కింద ఇళ్ళ స్థలంగా మార్పించారా అని అడుగు, మార్పించాం అంటే ఆర్డరు కాపీ చూపించమను. అది చూపించేదాకా అడ్వాన్స్ రూపాయి కూడా ఇవ్వొద్దని మీ నాన్నకి నేనూ చెప్తాను.

ఇంటికి రావడానికి ప్రశాంతి ఎక్స్‌ప్రెస్ ఉంది కదా, పలాసలో దిగి బస్సెక్కితే మనూరే. రిజర్వేషన్ ఇప్పుడు 60 రోజుల ముందే తెరుస్తున్నారు, దసరాకీ సంక్రాంతికీ ఆ రోజు ఉదయం 8 గంటలకే బుక్ చేసెయ్, లేకపోతే చివర్లో వైజాగ్ విమానానికి పెట్టే డబ్బుతో రెండుసార్లు ఇంటికొచ్చి వెళ్ళొచ్చు.

ఇంకొకటి, మన ఒడిశా సరిహద్దు తెలుగు వాళ్ళకే వచ్చే చిక్కు. నీ స్కూలు సర్టిఫికెట్లో ఇంటిపేరు వెనకాల ఉంది, ఒడియా పద్ధతిలో. ఆధార్‌లో ముందు ఉంది. పాన్‌లో ఇంటిపేరుకి పొడి అక్షరం ఒక్కటే ఉందని మీ అమ్మ అంది. ఇలాగే చేరిపోతే పీఎఫ్ నంబరు యూఏఎన్ ఒక పేరుతో, బ్యాంకు ఖాతా ఇంకో పేరుతో తయారవుతాయి, రేపు పీఎఫ్ అడిగినప్పుడు పేర్లు కలవక పని ఆగిపోతుంది. చేరడానికి ఇంకా టైముంది, ఈ వారమే ఆధార్ సెంటరుకి వెళ్ళి సర్టిఫికెట్ ప్రకారం పేరు సరిచేయించు, తర్వాత పాన్ కూడా. అప్పుడు పీఎఫ్ సైట్లో ఈ-నామినేషన్లో మీ అమ్మ పేరు పెట్టు, ఆవిడ పేరు కూడా ఆవిడ ఆధార్‌లో ఎలా ఉందో అక్షరం తేడా లేకుండా అలాగే.

మీ మావయ్య