చదువుకు, ఏనుగులకు, పరిశోధనకు 5 లక్షలు: ఎలా పంచాలి?

ప్రశ్న: మాది తిరుపతి. వయసు 64. టీచరుగా రిటైరయ్యాను. పెన్షన్ నెలకు 52,000. డిపాజిట్లు 22 లక్షలున్నాయి, ఏడాదికి 1,60,000 వడ్డీ వస్తుంది. మావారి జ్ఞాపకంగా 5 లక్షలు దానం చేయాలనుంది. ఆడపిల్లల చదువు, పలమనేరు వైపు ఏనుగులు, క్యాన్సర్ పరిశోధన... ఆయన ఎప్పుడూ ఈ మూడింటి గురించే మాట్లాడేవారు. సొంత ట్రస్టు పెట్టమని ఒకరు, పన్ను కలిసొస్తుందని ఇంకొకరు చెబుతున్నారు. ఏం చేయమంటారు? – ఒక పాఠకురాలు

జవాబు: ముందు పన్ను సంగతి తేల్చేద్దామమ్మా. 2025-26లో మీ పెన్షన్ 6,24,000, వడ్డీ 1,60,000, కలిపి 7,84,000. కొత్త విధానంలో 12 లక్షల వరకు రిబేటు ఉంది కాబట్టి మీరు కట్టాల్సిన పన్ను సున్నా. అందులో 80జి (విరాళం మీద ఇచ్చే పన్ను మినహాయింపు) లేదు, మీకు దాని అవసరమూ లేదు. పాత విధానంలో లెక్క వేస్తే స్టాండర్డ్ డిడక్షన్ 50,000, డిపాజిట్ వడ్డీ మీద సీనియర్లకిచ్చే 50,000 పోగా 6,84,000 మిగులుతుంది. మామూలు ట్రస్టుకిచ్చే విరాళంలో ఈ మిగిలినదాంట్లో 10 శాతమే, అంటే 68,400 మాత్రమే లెక్కలోకి వస్తుంది. అందులోనూ సగమే, 34,200 మినహాయిస్తారు. మొత్తం 5 లక్షలూ ఆ ట్రస్టుకే ఇచ్చినా ఇంకా 41,500 పైచిలుకు పన్ను పడుతుంది. కాబట్టి 80జి ఉందని ఎవరైనా విరాళం అడిగితే, మీ వరకు ఆ మాటను పక్కన పెట్టేయండి. సంస్థ పని చూసి ఇవ్వండి.

సొంత ట్రస్టు వద్దు. డీడు రిజిస్ట్రేషన్, ఆదాయపు పన్ను శాఖలో ట్రస్టు నమోదు, ఏటా లెక్కలు, ట్రస్టులు వేసే పన్ను రిటర్ను... 5 లక్షల మీద వచ్చే వడ్డీలో మంచి భాగం ఈ కాగితాలకే పోతుంది.

ఇంకో మాట. 22 లక్షల్లోంచి 5 లక్షలు తీస్తే మీ వడ్డీ ఏడాదికి సుమారు 36,000, అంటే నెలకు 3,000 తగ్గుతుంది. అది లేకుండా ఇల్లు గడుస్తుందో లేదో మూడు నెలల ఖర్చు రాసి చూసుకోండి. సీనియర్ సిటిజన్ సేవింగ్స్ స్కీమును మధ్యలో తెంచకండి. ఏడాది నిండకుండా మూస్తే ఇచ్చిన వడ్డీ వెనక్కి తీసుకుంటారు, ఏడాది దాటి రెండేళ్లు నిండకుండా మూస్తే అసలులో 1.5 శాతం, ఆ తర్వాతైతే 1 శాతం కోస్తారు. గడువు తీరే బ్యాంకు డిపాజిట్ నుంచే తీయండి.

పంపకంలో చదువుకు 3 లక్షలు పెట్టమంటాను. ఈ దానం ఎక్కువగా రెండో ఏడాదిలో దెబ్బతింటుంది. మొదటి ఏడాది ఉత్సాహంగా ఫీజు కడతారు, తర్వాత దాత మరిచిపోతారు, పిల్ల చదువు ఆగిపోతుంది. బీఎస్సీ నర్సింగ్ 4 ఏళ్లు. ఒక్క అమ్మాయినే తీసుకుని ఏడాదికి 75,000 చొప్పున చివరిదాకా నిలబడండి. మొదటి 75,000 ఇప్పుడు ఇవ్వండి. మిగతా 2,25,000ను మూడు డిపాజిట్లు చేసి, ఒక్కోటి ఒక్కో ఏడాది మే నెలలో గడువు తీరేలా పెట్టండి. జూన్‌లో ఫీజు అడిగేసరికి డబ్బు చేతిలో ఉంటుంది. ఆ వడ్డీ ఫీజు పెంపుకు అక్కరకొస్తుంది. ప్రభుత్వ ఫీజు రీయింబర్స్‌మెంట్ ఉన్న పిల్ల అయినా హాస్టల్ మెస్సు, బస్ పాస్, పుస్తకాలు, పరీక్ష ఫీజు ఇంటివాళ్లమీదే పడతాయి. సాయం వాటికి కావాలా, ట్యూషన్ ఫీజుకా అని ముందే అడగండి. ఇంత వెంటపడే ఓపిక లేకపోతే టీటీడీ విద్యాదాన ట్రస్టు ఉంది. అయితే ఏ టీటీడీ ట్రస్టుకైనా అధికారిక సైటు, కౌంటరు ద్వారానే ఇవ్వండి, ఫోన్ చేసి అడిగేవాళ్ల ఖాతాకు వద్దు.

ఏనుగులకు 1 లక్ష. తిరుపతి ఎస్వీ జూలో జంతువు దత్తతకిస్తే అది జూ జంతువు మేతకు వెళ్తుంది, పలమనేరు వైపున్న కౌండిన్య అభయారణ్యం ఏనుగులకు కాదు. పలమనేరు, కుప్పం పక్క గొడవంతా పొలాల అంచునే. చెరకు, అరటి, వరి కోసం మంద దిగుతుంది, రైతు నష్టపోతాడు, కోపంతో పెట్టిన కరెంటు తీగకు ఏనుగు చచ్చిపోతుంది. సోలార్ కంచెకు డబ్బిచ్చేవారు దొరుకుతారు, దాన్ని చూసుకునేవారే దొరకరు. వానాకాలం గడ్డి పెరిగి తీగకు తగిలితే కరెంటు భూమిలోకి పోతుంది, బ్యాటరీ దిగిపోతుంది, కంచె ఉత్త తీగగా మిగులుతుంది. ఏనుగుకు అది తెలిసిపోతుంది, స్తంభం తోసి లోపలికొస్తుంది. అందుకే మీ లక్షను కొత్త కంచెకు కాకుండా గడ్డి కోత, బ్యాటరీ మార్పిడి, కాపలా మనిషి జీతానికి అని రాసి ఇవ్వండి. పని చేసే సంస్థకు అటవీ శాఖ అనుమతి ఉందో లేదో చూడండి.

పరిశోధనకు మిగిలిన లక్ష. చికిత్స వేరు, పరిశోధన వేరు. టీటీడీ ప్రాణదాన ట్రస్టు పేద రోగుల చికిత్సకు. అదీ గొప్ప దానమే, కానీ మీరడిగింది పరిశోధన. శాస్త్ర పరిశోధనకు ఆదాయపు పన్ను చట్టం కింద ఆమోదం ఉన్న సంస్థ కోసం వెతకండి. డబ్బు ఏ పనికో రాతలో అడగండి. మందుల ప్రయోగమైతే ఎథిక్స్ కమిటీ అనుమతి, సీటీఆర్ఐ (మందుల ప్రయోగాల జాతీయ రిజిస్టరు) నమోదు సంఖ్య ఉండి తీరాలి. ఫలితం రెండు మూడేళ్లలో వస్తుందని ఎదురుచూడకండి. ఏటా ఖర్చుల పత్రం మాత్రం అడిగి తీసుకోండి.

ఎక్కడిచ్చినా బ్యాంకు ద్వారానే ఇవ్వండి. ఖాతా పేరు, ట్రస్టు పాన్ మీది పేరు ఒకటే కావాలి. క్యూఆర్ కోడ్ స్కాన్ చేశాక తెరమీద వేరే పేరు కనిపిస్తే ఆపేయండి.

చదువు డిపాజిట్లకు నామినీని పెట్టడంతో సరిపోదు. నామినీ డబ్బు తీసుకునే మనిషే, హక్కుదారు కాదు. ఈ మూడు డిపాజిట్లు ఫలానా అమ్మాయి ఫీజుకే అని వీలునామాలో ఖాతా నంబర్లతో సహా రాసి, ఇద్దరు సాక్షుల చేత సంతకం పెట్టించండి. సాక్షులుగా నామినీ, ఆ అమ్మాయి ఇంటివాళ్లు కాకుండా వేరేవాళ్లుండాలి.