సెలవు మీద ఇంటికొచ్చే మిషనరీ కుటుంబాలు: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: నాలుగేళ్ల సేవ తర్వాత ఆరు నెలల సెలవు మీద స్వదేశం వస్తున్నాం. మాకు సాయపడే సంఘాలు పన్నెండు. ఇప్పటి నుంచే అందరూ ఆదివారాలు అడుగుతున్నారు. ఎలా సర్దాలి?

జవాబు: ముందు లెక్క వేయండి, అప్పటిదాకా ఏ పాస్టరుగారికీ మాట ఇవ్వకండి. ఆరు నెలల్లో 26 ఆదివారాలు. మొదటి నాలుగు, చివరి నాలుగు కొట్టేస్తే 18. అందులో ఆరు మీ సొంత సంఘంలో మామూలు విశ్వాసుల్లా వెనక వరసలో కూర్చోవడానికి. మిగిలినవి 12, సంఘాలూ పన్నెండే. పదమూడో సంఘం పిలిస్తే వారం మధ్యలో ప్రార్థన కూటానికి వస్తామని చెప్పండి.

మొదటి నాలుగు ఎందుకు వదలాలంటే, వేళల తేడాకు ఒళ్లు అలవాటు పడటానికే ఒక్కో గంట తేడాకు సుమారు ఒక రోజు పడుతుంది. మిషన్ సంస్థ మీతో కూర్చుని గడిచిన సేవాకాలం గురించి తీరిగ్గా మాట్లాడేది కూడా అప్పుడే. అది జరగకుండా వేదిక ఎక్కితే లోపల అణచుకున్నదంతా సాక్ష్యం మధ్యలో పొంగుకొస్తుంది. చివరి నాలుగు వారాలు సామానుకీ, టీకాలకీ, వీడ్కోళ్లకీ సరిగ్గా సరిపోతాయి.

తేదీలు అడిగిన వరసలో ఇవ్వకండి. ఒకే దారిలో ఉన్న సంఘాలను ఒకే ప్రయాణంలో కలపండి. ఖాయం చేసేటప్పుడు ఎన్ని నిమిషాలు, వాక్యమా సేవా నివేదికా, బస ఎక్కడ, దారి ఖర్చులు ఎవరివి అని అడగండి. ఆరాధన ప్రత్యక్ష ప్రసారం అవుతుందా అన్నది మాత్రం చాలామంది మరిచిపోతారు. సువార్త పనిపై ఆంక్షలున్న దేశమైతే ఒక్క వీడియోలో ఒక ఊరి పేరు, ఒక విశ్వాసి ముఖం చాలు. మీ వీసా పోవడం అటుంచి, అక్కడివాళ్ల ప్రాణం మీదికొస్తుంది. మీరు మాట్లాడేంతసేపూ ప్రసారం ఆపమని ముందే రాసి పంపండి.

ఐదు, ఇరవై, నలభై నిమిషాలకు మూడు ప్రసంగాలు సిద్ధం చేసుకోండి. ఇరవై ఇస్తామన్నవాళ్లు పాటలు సాగిపోయి ఐదే మిగల్చడం మామూలే. ఐదు నిమిషాల్లో ఒక మనిషి గురించి, ఒక ప్రార్థన అవసరం గురించి చెప్పగలిగితే చాలు.

ప్రశ్న: మా బాబుకి పదమూడేళ్లు. అక్కడి భాషలో పాట పాడమంటే ఏడుస్తున్నాడు. "ఇది నా దేశం కాదు" అంటున్నాడు.

జవాబు: పాడించకండి. వాడు పాడడని పిలిచినవాళ్లకు ముందే ఫోన్లో చెప్పేయండి. వేదిక మీద అడిగాక తప్పించుకోవడం పిల్లలకు కుదరదు.

వాడన్నది మొండితనం కాదు. మీకు స్వదేశమైనది వాడికి కొత్త చోటు. ఇలా తల్లిదండ్రులది కాని దేశంలో పెరిగే పిల్లలను 'థర్డ్ కల్చర్ కిడ్స్' (మూడో సంస్కృతి పిల్లలు) అన్నది సమాజశాస్త్రవేత్త రూత్ హిల్ యూసీమ్. 1950లలో భారతదేశంలో పనిచేసే అమెరికన్ కుటుంబాలను పరిశీలిస్తూ ఆమె ఆ మాట వాడారు. తర్వాత ఇలాంటి పిల్లల గురించి పుస్తకం రాసిన డేవిడ్ పొలాక్ ఊరు మారే కుటుంబాలకు నాలుగు పనులు చెప్పారు: మనస్పర్థలు సరిచేసుకోవడం, మేలు చేసినవాళ్లకు కృతజ్ఞత చెప్పడం, వీడ్కోలు తీసుకోవడం, వెళ్లబోయే చోటు గురించి ముందే ఆలోచించడం. వీడ్కోలు మనుషులకే కాదు, ఇంటికీ, పెంపుడు కుక్కకీ కూడా. సెలవంటే ఇదంతా రెండుసార్లు చేయాలి. తిరిగి వెళ్లేటప్పుడు పెద్దలు హడావుడిలో దాటేస్తారు, అప్పటికి పిల్లలకు ఇక్కడ స్నేహితులు ఏర్పడి ఉంటారు.

బడి కోసం టీసీ, మార్కుల పత్రాలు, టీకాల కార్డు చేతిసంచిలోనే పెట్టుకోండి.

ప్రశ్న: అందరం ఆరోగ్యంగానే ఉన్నాం. అయినా వైద్య పరీక్షలు అవసరమా?

జవాబు: అవసరమే. స్ట్రాంగిలాయిడిస్ అనే పేగు పురుగు లక్షణాలేవీ లేకుండా దశాబ్దాలు ఒంట్లో ఉండిపోగలదు. వేరే జబ్బుకి స్టెరాయిడ్లు వాడినప్పుడు అది విజృంభించి ప్రాణాంతకం కావచ్చు. వైవాక్స్ మలేరియా కాలేయంలో నిద్రాణంగా ఉండి నెలల తర్వాత లేస్తుంది. అందుకే సెలవులో జ్వరం వస్తే అదే రోజు వెళ్లి, ఏ దేశం నుంచి వచ్చారో డాక్టరుకు మొదటి మాటగా చెప్పండి. మలేరియా మాత్రలు విమానం దిగగానే మానకూడదు: డాక్సీసైక్లిన్, మెఫ్లోక్విన్ అయితే నాలుగు వారాలు, అటోవాక్వోన్-ప్రొగ్వానిల్ అయితే ఏడు రోజులు కొనసాగించాలి.

అన్ని పరీక్షలూ మొదటి వారంలోనే చేయిస్తే సరిపోదు. క్షయ సోకితే, సోకిన 8 నుంచి 10 వారాలకు గానీ చర్మపరీక్షలో తెలియకపోవచ్చు. చెరువుల్లో, నదుల్లో దిగినవాళ్లకు చేసే షిస్టోసోమియాసిస్ (నీటి నుంచి ఒంట్లో చేరే పురుగుల జబ్బు) రక్తపరీక్షను చివరిసారి నీళ్లలో దిగి సుమారు మూడు నెలలు గడిచాక చేస్తేనే నమ్మొచ్చు. దంతవైద్యుడిని మాత్రం రాగానే కలవండి, రూట్ కెనాల్‌కి చాలాసార్లు తిరగాల్సి రావచ్చు. ఎల్లో ఫీవర్ టీకా పత్రాన్ని పదేళ్లకోసారి మార్చుకోవాల్సిన పనిలేదు. 2016 జులై నుంచి అది జీవితాంతం చెల్లుతుంది.

ప్రశ్న: సెలవులో ఉన్నప్పుడు కానుకలు తగ్గిపోతాయా?

జవాబు: తగ్గొచ్చు. ఇంటికి వచ్చారు కదా, ఇక ఖర్చేముంటుందని దాతలు అనుకుంటారు. విమాన టికెట్లు, రెండు చోట్లా అద్దె, పిల్లల ఫీజులు ఆగవని బయలుదేరడానికి మూడు నెలల ముందే ప్రార్థన లేఖలో రాయండి. అలాగే మీరు సేవ చేసే దేశంలో నివాస అనుమతి ఎన్నాళ్లు బయట ఉంటే రద్దవుతుందో చూసుకున్నాకే తిరుగు టికెట్ తీయండి.